కంటికి కనిపించని మూడో దశ

శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ లేచినప్పుడు మనకు కనిపించేది మొదటి రెండు నిమిషాలే. పులికాట్ రోడ్డు మీద నిలబడినా, సూళ్లూరుపేటలో మిద్దె ఎక్కినా, ఆకాశం తేటగా ఉన్న తెల్లవారుజామున తిరుపతి నుంచి తూర్పుకు తిరిగి చూసినా అంతే. 139 టన్నుల ఘన ఇంధనంతో నిండిన మొదటి దశ రెండు నిమిషాల లోపే కాలిపోతుంది. నిప్పుగీత సన్నబడి బంగాళాఖాతం మీదికి వంగుతుంది. జనం చప్పట్లు కొట్టి కిందికి దిగుతారు. రాకెట్‌కు మాత్రం అప్పటికి పరీక్ష సగం కూడా పూర్తి కాదు. రెండో దశలో ద్రవ ఇంజన్, దాని పైన మూడో దశలో ఘన మోటారు, చిట్టచివర రెండు చిన్న ద్రవ ఇంజన్ల నాలుగో దశ. ఇవన్నీ చూపు అందని దూరంలో, కంట్రోల్ సెంటర్ తెర మీద గీతలుగా మాత్రమే నడుస్తాయి.

2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 దెబ్బతిన్నది అక్కడే. మూడో దశ మండుతుండగా మోటారు లోపలి పీడనం పడిపోయిందని ఇస్రో ఛైర్మన్ వి.నారాయణన్ అదే రోజు చెప్పారు. ఈఓఎస్-09 రాడార్ ఉపగ్రహం పోయింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2026 జనవరి 12న, పీఎస్‌ఎల్‌వీ-సీ62 కూడా మూడో దశలోనే చెడింది. ఆ దశ ముగింపుకొచ్చేసరికి రాకెట్ తన ఇరుసు చుట్టూ తాను తిరగడం ఎక్కువైంది, ఆ వెంటే దారి తప్పింది. ఈఓఎస్-ఎన్1తో పాటు మరో 15 ఉపగ్రహాలు దాని మీద ఉన్నాయి. వాటిలో హైదరాబాద్ అంకుర సంస్థలవీ ఉన్నాయి.

ఈ రెండు ప్రయోగాల నడుమ సీ61 వైఫల్య నివేదిక ప్రజల ముందుకు రాలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఓటమి గెలుపుకు తొలిమెట్టు అని ప్రతి వైఫల్యం తర్వాతా అనుకుంటాం. శాస్త్రవేత్తలకు ధైర్యం చెప్పడానికి ఆ మాట మంచిదే. కానీ విమానాల, రాకెట్ల చరిత్ర దగ్గరగా చూస్తే ఓటమి తనంతట తాను మెట్టుగా మారిన సందర్భం ఒక్కటీ కనిపించదు. ఎక్కడ మారిందో అక్కడ మూడు పనులు జరిగాయి. పాడైన భాగాన్ని పేరు పెట్టి గుర్తించారు, అది ఎందుకు పాడైందో నేల మీద మళ్ళీ చేసి చూపించారు, ఆ సంగతి తమ గోడల బయటి వాళ్ళకు కూడా తెలిసేలా రాసిపెట్టారు. మూడోది చేయని చోట మొదటి రెండూ సరిగ్గా జరిగాయో లేదో చెప్పేవాళ్ళు ఉండరు.

ఒక సీల్, ఒక వాల్వ్

ఇది ఇస్రోకు తెలియని విద్య కాదు. 2021 ఆగస్టు 12న ఎగిరిన దాని మరో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 సంగతి చూడండి. మొదటి రెండు దశలు చక్కగా నడిచాయి. లేచిన అయిదు నిమిషాల దగ్గర, అతి చల్లటి ద్రవ హైడ్రోజన్‌తో నడిచే క్రయోజెనిక్ దశ వెలగాలి. వెలగలేదు. ఈఓఎస్-03 ఉపగ్రహం సముద్రం పాలైంది.

క్రయో దశ ఎందుకంత మొండిదో తెలిస్తేనే ఆ దర్యాప్తు విలువ తెలుస్తుంది. హైడ్రోజన్ ద్రవంగా ఉండాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబడాలి. లీటరు ద్రవ హైడ్రోజన్ బరువు 71 గ్రాములే. అంత పలచని, క్షణం ఏమరితే మరిగిపోయే ద్రవాన్ని పంపుతో లాగి ఇంజన్‌లోకి తోయాలి. పంపు సరిగా లాగాలంటే ట్యాంకులో తగినంత పీడనం ఉండి, ద్రవాన్ని వెనక నుంచి నెడుతూ ఉండాలి. మన పడమటి మండలాల రైతులకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. బోరులో నీటిమట్టం పడిపోతే మోటారు గాలి పీలుస్తుంది, శబ్దం మారుతుంది, పైపు చివర నీళ్ళు తెగి తెగి పడతాయి. ట్యాంకులో పీడనం తగ్గినప్పుడు హైడ్రోజన్ పంపుకు అయ్యేది దాదాపు ఇదే. రెక్కల దగ్గరే ద్రవం మరిగి బుడగలు లేస్తాయి, పంపు వట్టినే తిరుగుతుంది.

ఎఫ్10 ట్యాంకులో పీడనం నిలవకపోవడానికి కారణం వెంట్ అండ్ రిలీఫ్ వాల్వ్. ట్యాంకులో పీడనం హద్దు మీరితే ఎక్కువైనంత బయటికి వదిలేయడం దాని పని. మిగతా సమయమంతా అది బిగుతుగా మూసుకుని ఉండాలి. దాని లోపలి మెత్తటి సీల్ దెబ్బతిని, మూసి ఉన్నప్పుడు కూడా వాయువు కారిపోయింది. ఫలితంగా ఇంజన్ వెలిగే సమయానికి ట్యాంకులో ఉండాల్సిన పీడనం లేదు. ట్యాంకు లోపల ఉండే బూస్టర్ పంపు సరిగా నడవలేదు, అది అందించాల్సిన ప్రధాన టర్బోపంపుకు హైడ్రోజన్ చాలలేదు. సీల్ ఎందుకు దెబ్బతిన్నది? వాల్వ్ తెరుచుకుని మూసుకునేటప్పుడు కావచ్చు, లేదా ఏదైనా మలినం చేరడం వల్ల, అంత చలిలో లోహం ముడుచుకుని వాల్వ్ బిగింపు మీద ఒత్తిడి పడడం వల్ల కావచ్చు అని కమిటీ తేల్చింది. కంప్యూటర్ లెక్కలతో సరిపెట్టుకోకుండా, ఆ ప్రయోగం నాటి పరిస్థితుల్ని నేల మీద మళ్ళీ కల్పించి పరీక్షలు చేసింది.

తర్వాత చేసిన మార్పుల్ని కూడా ఇస్రో బయటికి చెప్పింది. ఇంజన్ వెలిగే ముందు హైడ్రోజన్ ట్యాంకులో పీడనాన్ని కావాలని పెంచే ఏర్పాటు పెట్టాలి, ఆ వాల్వునూ దాని చుట్టూ ఉన్న గొట్టాల అమరికనూ గట్టిపరచాలి, రాకెట్ లేవడానికి అనుమతి ఇచ్చే కంప్యూటర్ క్రయో దశలో మరిన్ని కొలతల్ని చూసి గానీ అనుమతి ఇవ్వకూడదు. ఈ మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. గాలిలోకి వెళ్ళాక బయటపడే లోపాన్ని ప్యాడ్ మీదే పట్టుకునే జల్లెడ అది. 2023 మే 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12 ఎన్‌వీఎస్-01ను కక్ష్యలో పెట్టింది.

జీఎస్‌ఎల్‌వీకి ఇలాంటి ఘట్టాలు ఇంతకుముందూ ఉన్నాయి. 2010 ఏప్రిల్‌లో స్వదేశీ క్రయో ఇంజన్ మొదటిసారి ఎగిరినప్పుడు బూస్టర్ పంపు ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబరు 25న మరో జీఎస్‌ఎల్‌వీ లేచిన నిమిషం లోపే కనెక్టర్లు ఊడిపోయాయి, కింది ఇంజన్లకు ఆదేశాలు అందలేదు, రాకెట్ ముక్కలైంది. కోట్ల రూపాయల వాహనాన్ని కూల్చింది కొన్ని తీగల జోడింపు. 2013 ఆగస్టు 19న కౌంట్‌డౌన్ ఇంకా 74 నిమిషాలు ఉండగా రెండో దశ నుంచి ఇంధనం కారడం కనిపించి ప్రయోగం ఆపేశారు. ఆ ట్యాంకు చేసిన అల్యూమినియం మిశ్రమ లోహానికి ఒత్తిడిలో ఉండి ఉండి సన్నటి బీటలు పుట్టే గుణం ఉంది. ట్యాంకు లోహాన్నే మార్చారు. 2014 జనవరి 5న అదే రాకెట్ స్వదేశీ క్రయో ఇంజన్‌తో విజయవంతంగా ఎగిరింది. 2013 ఆగస్టు నాటి ఆగిపోవడాన్ని చాలామంది వైఫల్యాల జాబితాలో వేస్తారు. నా లెక్కలో అది ఆ దశాబ్దపు మంచి నిర్ణయాల్లో ఒకటి.

ఆరు సెన్సర్లను నమ్మని రాకెట్, ఒక్కదాన్నే నమ్మిన విమానం

2022 ఆగస్టు 7న చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం. మూడు ఘన దశలూ బాగానే మండాయి. అయినా ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు ఒక వైపు 356, మరో వైపు 76 కిలోమీటర్ల కక్ష్యలో పడ్డాయి. 76 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఇంకా ఉంటుంది. అక్కడ ఏదీ నిలవదు.

రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన అదురు నేల మీది పరీక్షల్లో కనిపించినదాని కంటే ఎక్కువగా ఉంది. ఆ అదురుకు వేగం మార్పును కొలిచే ఆరు యాక్సిలరోమీటర్లూ కొద్ది క్షణాల పాటు తమ కొలత హద్దు దాటిపోయాయి. కంప్యూటర్ వాటిని చూసి, సెన్సర్లు చెడిపోయాయని తీర్మానించుకుంది. చెడిపోలేదు, ఒక్క కుదుపుకు అల్లాడి మళ్ళీ కుదుటపడ్డాయి. కానీ కంప్యూటర్ అప్పటికే వాటిని పక్కనపెట్టి, ముందే రాసిపెట్టిన గుడ్డి లెక్కతో మిగతా ప్రయాణం చేసింది. కావలసిన వేగం రాలేదు.

మరుసటి ఏడాది ఫిబ్రవరి 10 నాటి రెండో ప్రయోగానికి మూడు మార్పులు చేశారు. రెండో దశను విడదీసే ఏర్పాటును అదురు తక్కువ పుట్టించే రకానికి మార్చారు. సెన్సర్ చెడిందని తీర్మానించే ముందు కంప్యూటర్ ఇంకొంచెం ఆగి చూసేలా తర్కాన్ని సవరించారు. ఒకవేళ సెన్సర్లు నిజంగానే చెడితే మన దేశపు దారిచూపే ఉపగ్రహాల వ్యవస్థ నావిక్ సంకేతాలతో దారి చూసుకునే వీలు పెట్టారు. ప్రయోగం నెగ్గింది. ఇదంతా ఇస్రో చెప్పింది కాబట్టే ఈ పేరా రాయడం సాధ్యమైంది.

దీనికి సరిగ్గా తలకిందులైన తప్పు బోయింగ్ 737 మ్యాక్స్‌ది. విమానం ముక్కు మరీ పైకి లేస్తోందనిపిస్తే తోకలోని స్టెబిలైజర్‌ను తిప్పి ముక్కును దించే ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్, గాలి తగిలే కోణం కొలిచే రెండు సెన్సర్లు ఉండగా ఒక్కదాని మాటే వింది. తొలుత ఒకసారికి 0.6 డిగ్రీలు తిప్పేలా అనుకున్నది చివరికి 2.5 డిగ్రీల దాకా వెళ్ళింది. పైలట్ సరిచేసినా, సెన్సర్ అదే తప్పు చెబుతుంటే మళ్ళీ మళ్ళీ తిప్పింది. 2018 అక్టోబరు 29న లయన్ ఎయిర్ విమానంలో ఆ సెన్సర్ 21 డిగ్రీలు తప్పు చూపింది. 189 మంది చనిపోయారు. అయిదు నెలలు కాకముందే, 2019 మార్చి 10న, ఇథియోపియన్ విమానంలో 157 మంది.

లయన్ ఎయిర్ ప్రమాదంలో మనసును పట్టుకుని వదలని వివరం ఇంకొకటి ఉంది. కూలిన ముందు రోజు అదే విమానం, అదే లోపం. కాక్‌పిట్‌లో అదనపు సీటులో కూర్చున్న మూడో పైలట్ సూచనతో స్టెబిలైజర్ మోటారు స్విచ్‌లు ఆపేసి క్షేమంగా దిగారు. దిగాక లాగ్ పుస్తకంలో తెర మీద కనిపించిన హెచ్చరికలు రాశారు గానీ, స్టీరింగ్ అదిరిందనీ, స్విచ్‌లు ఆపేస్తే గానీ విమానం దారికి రాలేదనీ రాయలేదు. మర్నాడు పొద్దున ఆ సీట్లలో కూర్చున్నవాళ్ళకు నిన్న రాత్రి కొందరు కనిపెట్టిన మందు తెలియదు. తెలిసిన సంగతి కాగితం మీదికి రాకపోతే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

మ్యాక్స్‌ను 2020 నవంబరులో మళ్ళీ ఎగరనిచ్చేటప్పుడు రెండు సెన్సర్లనూ పోల్చి చూడడం తప్పనిసరి చేశారు. రెండింటికీ 5.5 డిగ్రీలకు మించి తేడా వస్తే ఎంక్యాస్ పనిచేయదు. పనిచేసినా ఒక్కసారే, అది కూడా పైలట్ చేతి బలంతో అధిగమించగలిగినంతే.

విమానానికి ఉన్న చట్టం

విమానాల్లో ఈ పాఠాలు బయటికి రావడం ఎవరి మంచితనం మీదా ఆధారపడలేదు. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలోని 13వ అనుబంధం ప్రకారం ప్రమాదం జరిగిన 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక పంపాలి, వీలైతే ఏడాదిలోపు తుది నివేదిక ప్రచురించాలి. దర్యాప్తు ఉద్దేశం ఇంకో ప్రమాదం జరగకుండా చూడడమే, తప్పు ఎవరి మీదో మోపడం కాదని అందులోనే రాసి ఉంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలితే జులై 12న మన దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదిక బయటపెట్టింది. దాని మీద ఎన్ని తగువులు జరిగినా, తగువు పడడానికి ఒక కాగితమంటూ ఉంది.

ఈ అలవాటు వెనక కామెట్ ఉంది. ప్రపంచపు తొలి జెట్ ప్రయాణ విమానం. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఇంకొకటి గాలిలోనే విచ్చిపోయాయి. బ్రిటిష్ పరిశోధకులు ఫార్న్‌బరోలో ఒక కామెట్ మొత్తాన్ని నీళ్ళ తొట్టిలో పెట్టారు. లోపల నీటి పీడనం పెంచుతూ తగ్గిస్తూ, ఒక్కో విడతను ఒక్కో ప్రయాణంగా లెక్కపెట్టారు. అంతకుముందు నిజంగా ఎగిరిన 1,221తో కలిపి 3,057వ విడత దగ్గర దాని ఒళ్ళు చీలింది. గాలి నింపితే విమానం బెలూన్‌లా పేలుతుంది, అప్పుడు ఏది ముందు చిరిగిందో తెలియదు. నీళ్ళయితే చిరిగిన చోట ఆగిపోతుంది. అందుకే నీళ్ళు. రేకులో కోసిన తెరుపుల మూలల దగ్గర పుట్టే అలసట బీటలే కారణమని తేలింది. విచారణ బహిరంగంగా జరిగింది, ఫలితాలు పోటీ సంస్థలకూ అందాయి. నేడు రేణిగుంట విమానాశ్రయంలో దిగే ప్రతి జెట్ రూపకల్పనలో ఆ తొట్టి పాఠం ఉంది.

పాఠం పాతబడ్డా లోపాలు కొత్త చోట్ల పుడుతూనే ఉంటాయి. ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ టర్బోఫ్యాన్ ఇంజన్ల టర్బైన్ డిస్కులు లోహపు పొడిని నొక్కి, వేడిచేసి తయారవుతాయి. 2015 చివరి నుంచి 2021 దాకా తయారైన కొన్ని డిస్కుల పొడిలో మలినం చేరింది. డిస్కు మొదట్లో బాగానే తిరుగుతుంది. వేలసార్లు వేడెక్కి చల్లారాక ఆ నలుసు దగ్గర బీట మొదలవుతుంది. 2023 జులైలో తయారీ సంస్థ దీన్ని బయటపెట్టింది. ఇంజన్లు విప్పి, డిస్కుల్ని అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించాల్సి వచ్చింది. విమానం నుంచి దించిన ఇంజన్ మళ్ళీ ఎక్కడానికి 250 నుంచి 300 రోజులు పడుతుందని ఆ సంస్థే అంచనా వేసింది. మన దేశంలో ఇండిగోవే 70కి పైగా విమానాలు ఒక దశలో నేల మీద నిలిచిపోయాయి. ఇంజన్ల తయారీ సంస్థకు అది వందల కోట్ల డాలర్ల నష్టం. అయినా చెప్పింది, ఎందుకంటే గాలిలో డిస్కు పగిలితే ముక్కలు ఇంజన్ కవచాన్ని చీల్చుకుని వస్తాయి. లోపం దాచడానికి వీల్లేని వ్యవస్థ విమానాల చుట్టూ ఉంది. రాకెట్ల చుట్టూ అలాంటి చట్టమేదీ లేదు.

ఘన మోటారులో ఏం చెడుతుంది

ఇప్పుడు పీఎస్‌ఎల్‌వీ మూడో దశకు వద్దాం. సుమారు ఏడున్నర టన్నుల ఘన ఇంధనం, కెవ్లార్ నారతో చుట్టి చేసిన కేసు (బయటి తొడుగు), కొద్దిగా అటూ ఇటూ వంగే నాజిల్. ద్రవ ఇంజన్‌లా ఇందులో పంపులు లేవు, వాల్వులు లేవు. వెలిగిస్తే అయిపోయేదాకా మండుతుంది. కదిలే భాగాలు తక్కువ కాబట్టి నమ్మకం ఎక్కువ. కానీ ఒక చిక్కుంది: ద్రవ ఇంజన్‌ను ముందే మండించి చూసి, విప్పి, అదే ఇంజన్‌ను ఎగరేయవచ్చు. ఘన మోటారును అలా చేయలేం. పరీక్షించిన మోటారు ఎగరదు, ఎగిరే మోటారును పరీక్షించలేం. అందుకే తయారీలో ప్రతి అడుగునూ, ప్రతి విడత ముడిసరుకునూ, ప్రతి ఎక్స్‌రే చిత్రాన్నీ చూసి నమ్మాలి.

ఘన మోటారు లోపలి పీడనం రెండిటి నిష్పత్తి మీద నిలబడి ఉంటుంది. ఇంధనం మండుతున్న ఉపరితలం ఎంత, వాయువు బయటికి పోయే నాజిల్ గొంతు వైశాల్యం ఎంత. ఇంధనపు ముద్దలో బీట ఉంటే మండే ఉపరితలం పెరిగి పీడనం ఎగబాకుతుంది. గొంతు దగ్గరి పదార్థం అనుకున్నదానికంటే వేగంగా అరిగితే పీడనం జారుతుంది. నాజిల్, కేసు కలిసే చోట సీల్ వదులైతే, లేదా ఇంధనానికీ లోపలి ఇన్సులేషన్‌కూ మధ్య అతుకు ఊడి మంట ముందే కేసును చేరి తినేస్తే, వాయువుకు రెండో దారి దొరుకుతుంది. అప్పుడూ పీడనం పడుతుంది. ఆ రెండో దారి పక్క గోడలో ఏటవాలుగా ఉంటే, అక్కడినుంచి తన్నే వాయువు రాకెట్‌ను బొంగరంలా తిప్పుతుంది. మూడో దశ నాజిల్ ముక్కును పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ తిప్పగలదు గానీ ఇరుసు చుట్టూ తిరగడాన్ని ఆపలేదు. ఆ పని నాలుగో దశలోని చిన్న థ్రస్టర్లది, వాటి బలం కొద్దిదే.

ఈ దారులు ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఉంటుంది. పీడనం మెల్లగా జారిందా, ఒక్కసారిగా పడిందా? తిరుగుడు ముందు మొదలైందా, పీడనం ముందు తగ్గిందా? కేసు మీది ఉష్ణోగ్రత సెన్సర్ ఏ వైపు ముందు వేడెక్కింది? గ్రాఫుల్లో ఇదంతా ఉంటుంది. సీ61 తర్వాత ఏది అనుమానించారు, దేన్ని మార్చారు, మార్చినదాన్ని నేల మీద ఎన్నిసార్లు మండించి చూశారు అన్నది బయటికి చెప్పి ఉంటే, సీ62 మీద తమ ఉపగ్రహాన్ని ఎక్కించిన చిన్న సంస్థలు అది తెలిసి నిర్ణయం తీసుకునేవి. ఆ మాటకొస్తే, లోపలి సమీక్షలో ఎవరికీ తట్టని ప్రశ్న బయటివాడు అడిగి ఉండవచ్చు. బహిరంగ నివేదిక వల్ల నిజమైన లాభం ఇదే. పది మంది చదువుతారని తెలిస్తే రాసేవాళ్ళు కూడా ప్రతి వాక్యాన్నీ ఇంకోసారి తడిమి చూసుకుంటారు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది భద్రత. ఘన మోటారు విద్యే క్షిపణి విద్య, శత్రువుకు ఎందుకు చెప్పాలి అని. ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. ఇంధనపు ముద్ద లోపలి ఆకారం, రసాయనాల పాళ్ళు, నార చుట్టే పద్ధతి దాచాల్సినవే. కానీ ఎఫ్10 నివేదికలో వాల్వ్ డ్రాయింగులు లేవు, సీల్ పదార్థం కొలతలు లేవు. అయినా ఏం చెడిందో, ఎందుకు చెడిందో, ఏం మార్చారో అందరికీ అర్థమైంది. క్రయోజెనిక్ ఇంజన్ కూడా ఒకప్పుడు మనకు ఇవ్వకుండా అడ్డుకున్న విద్యే. దాని గురించి చెప్పగలిగినప్పుడు పీఎస్‌ఎల్‌వీ గురించి చెప్పడానికి అడ్డేమిటి?

ప్రైవేటు సంస్థలు చెబుతున్నాయా అని ఇంకో అభ్యంతరం. చెప్పిన సందర్భాలున్నాయి. 2015 జూన్ 28న స్పేస్‌ఎక్స్ ఫాల్కన్ 9 రాకెట్ రెండో దశ పేలిపోయింది. నెల తిరక్కుండానే ఆ సంస్థ కారణం చెప్పింది: హీలియం సీసాను పట్టి ఉంచే ఉక్కు కడ్డీ సుమారు 4,500 కిలోల బలాన్ని తట్టాల్సింది, అందులో అయిదో వంతుకే విరిగింది. సరఫరాదారు ఇచ్చిన ధ్రువపత్రాన్ని నమ్మి ఊరుకోవడం మానేసి, ఆ తర్వాత ఒక్కో కడ్డీనీ విడిగా పరీక్షించడం మొదలుపెట్టారు.

మూడోది, నివేదిక ఇస్తే టీవీల్లో వెక్కిరిస్తారని. చంద్రయాన్-2 ల్యాండర్ కూలినప్పుడు వెక్కిరించినవాళ్ళ కంటే కంటతడి పెట్టినవాళ్ళే ఎక్కువ. తర్వాత దాని లోపాలు ఇస్రోనే విడమరిచింది. అయిదు ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ బలంతో నెట్టాయి, పొరపాట్లు పోగుపడ్డాయి, వాటిని సరిదిద్దుకునేంత వేగంగా తిరిగే వీలు ల్యాండర్‌కు ఇవ్వలేదు, దిగాల్సిన చోటు అర కిలోమీటరు చదరానికి కుదించారు. చంద్రయాన్-3కి ఆ చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు, కాళ్ళు గట్టిపరచారు, వేగం కొలిచే లేజర్ పరికరం చేర్చారు, ఇంధనం పెంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం వీధి వీధినా మిఠాయిలు పంచిన జనం అంతకుముందు ఆ లోపాల జాబితా చదివినవాళ్ళే. నిజం చెబితే జనం దూరమవుతారన్న భయానికి ఇక్కడ ఆధారం లేదు.

ప్రయోగానికి ముందు రాకెట్ నమూనాను తిరుమలలో శ్రీవారి ముందు, సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడిలో ఉంచి పూజ చేయించడం ఇస్రో పెద్దలకు ఆనవాయితీ. ఏళ్ళ తరబడి చేసిన పనిని గాలిలోకి వదిలే ముందు మనిషి తల వంచడం నాకు ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. ఆ పనిలో కనిపించని భాగాల్ని కొలవడం కూడా ఈ నేలలోనే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి దగ్గర 1,024 యాంటెన్నాల జతలతో ఒక రాడార్ తలెత్తి చూస్తుంటుంది. పైన వాతావరణంలో గాలి ఏ ఎత్తున ఎటు వీస్తోందో 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో చదువుతుంది. శ్రీహరికోటలో ప్రయోగం రోజున బెలూన్లు వదిలి, వాటి కొలతల ప్రకారం రాకెట్ వంగే తీరును ఆ పూట గాలికి తగ్గట్టు సరిచేస్తారు. కంటికి కనిపించని గాలినే ఇంత జాగ్రత్తగా లెక్కగట్టేవాళ్ళం మనం.

ఇదంతా ఇప్పుడే చెప్పడానికి గగన్‌యాన్ ఒక కారణం. మనుషుల్ని మోసే ఎల్‌వీఎం3కి రెండు పక్కలా ఉండే బూస్టర్లు కూడా ఘన మోటార్లే. ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఇంధనం, అది శ్రీహరికోటలోనే పోత పోసుకుంటుంది. పీఎస్‌ఎల్‌వీ మూడో దశ కేసు నారది, ఇది ఉక్కుది, పరిమాణంలో పోలికే లేదు. అయినా అతుకు, సీల్, ఇన్సులేషన్, ఎక్స్‌రే తనిఖీ అన్న నాలుగు మాటలు రెండింటికీ ఒకటే. 1986 జనవరి 28న అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ పేలింది ఘన బూస్టర్ కీలు దగ్గరి రబ్బరు వలయం చలికి బిర్రబిగుసుకుని, వేడి వాయువుకు దారి ఇవ్వడం వల్ల. రోజర్స్ కమిషన్ నివేదిక అయిదు నెలల్లోపే బయటికొచ్చింది. కీలు రూపం మార్చి, మూడో వలయం చేర్చి, వేడిచేసే తీగలు చుట్టి గానీ షటిల్ మళ్ళీ ఎగరలేదు.

గగన్‌యాన్‌లో ఇప్పటిదాకా జరిగిన పరీక్షలు చూస్తే నాకు నమ్మకమే కలుగుతుంది. 2023 అక్టోబరు 21న తప్పించుకునే వ్యవస్థ పరీక్ష రోజు, లేవడానికి 5 క్షణాల ముందు కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. కారణం వెతికి సరిచేసి, అదే ఉదయం 10 గంటలకు ఎగరేశారు. 2025 ఆగస్టు 24న సుమారు 5 టన్నుల నమూనా క్యాప్సూల్‌ను చినూక్ హెలికాప్టర్‌తో 3 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్ళి వదిలి, పారాచూట్లు వరసగా విచ్చుకోవడం చూశారు. అసలు క్యాప్సూల్‌లో మొత్తం 10 పారాచూట్లు. మూత లాగేవి రెండు, తూలకుండా వేగం తగ్గించేవి రెండు, పెద్దవాటిని బయటికి లాగేవి మూడు, 25 మీటర్ల వెడల్పున్న ప్రధానమైనవి మూడు. మూడింటిలో ఒకటి తెరుచుకోకపోయినా మిగతా రెండూ దించేలా లెక్కగట్టారు. ఇంత శ్రద్ధ ఉన్న చోట రెండు గ్రాఫులు బయటపెట్టడం కష్టమైన పని కాకూడదు.

ఆ నివేదిక ఎంత పెద్దదై ఉండాలో కూడా చెప్పగలను. మూడో దశ వెలిగిన క్షణం నుంచి పీడనం గీత, పక్కనే ఇరుసు చుట్టూ తిరిగిన వేగం గీత. అనుమానించిన భాగం పేరు, అది ఏ విడతలో తయారైందీ, అదే విడతవి ఇంకెన్ని మోటార్లు నిల్వలో ఉన్నాయీ. నేల మీద మళ్ళీ సృష్టించిన పరీక్ష ఫలితం. మార్చినదేమిటి, ఇకపై చేసే కొత్త తనిఖీ ఏమిటి. నాలుగైదు పేజీలకు మించదు. సీ61, సీ62 పీడనం గీతల్ని ఒకే కాగితం మీద ఒకదాని మీద ఒకటి గీసి పెడితే ఇంకా మంచిది. అవి ఎక్కడ కలిసి నడిచాయో, ఏ క్షణాన విడిపోయాయో చదవగలిగిన పిల్లలు ఏర్పేడు ఐఐటీలో, ఐసర్‌లో, ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో ఇప్పుడు క్లాసుల్లో కూర్చుని ఉన్నారు. తర్వాతి మూడో దశల్ని తయారుచేయాల్సింది వాళ్ళే.